మెత్తటి నేల మీది భవనానికి డాబా మీద ఒక్క సెన్సర్ ఎందుకు చాలదు

నమస్కారం. మీరు అడిగిన విషయాన్ని నాకు అర్థమైన మేరకు ముందు రెండు మాటల్లో చెబుతాను. విజయవాడలో కృష్ణ ఒడ్డుకు దగ్గరగా మీ 12 అంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. కింది అంతస్తు మొత్తం పార్కింగుకు వదిలేశారు. పైన నల్లమట్టి, దాని కింద నీరు పట్టిన మెత్తటి ఒండ్రు, 12 మీటర్ల లోతు వరకు ఎస్పీటీ విలువ (నేలలోకి గొట్టాన్ని 30 సెంటీమీటర్లు దించడానికి పట్టే సుత్తి దెబ్బల సంఖ్య; తక్కువైతే నేల మెత్తన) 6 నుంచి 8 మధ్యే వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 పరిమాణంతో భూకంపం వచ్చినప్పుడు పై అంతస్తుల్లో ఫ్యాన్లు ఊగాయి గానీ కింద ఉన్న వాచ్‌మన్‌కు ఏమీ తెలియలేదు. ఆ తరువాత ఒక సంస్థ వచ్చి, డాబా మీద ఒక యాక్సిలరోమీటర్ (త్వరణాన్ని కొలిచే సెన్సర్) పెడితే చాలు, భవనం పౌనఃపున్యం, అంటే సెకనుకు అది ఊగే సంఖ్య, తగ్గిన వెంటనే యాప్‌లో ఎర్ర దీపం వెలుగుతుంది, అని చెప్పింది. ఇది సరిపోతుందా అన్నది మీ సందేహం.

గట్టి రాతి మీద కట్టిన భవనమైతే కొంతవరకు సరిపోతుంది. మీ నేలకు సరిపోదు. భవనాల్లో కంపన పరికరాలు అమర్చే పనిలో ముప్పై ఏళ్ళు గడిపిన మనిషిగా ఈ మాట చెబుతున్నాను. డాబా మీద మీరు కొలిచే ఊగులో భవనం వంగడం ఒక భాగం మాత్రమే. పునాది మొత్తంగా పక్కకు జరగడం ఇంకొక భాగం, పునాది నేలలో ఒక వైపు దిగి ఒక వైపు లేవడం వల్ల భవనం కర్రలా ఒరగడం మరొక భాగం. పై సెన్సర్‌కు ఈ మూడూ కలిసిన మొత్తమే అందుతుంది. ఏది ఎంత అన్నది విడదీయాలంటే కింద కూడా కొలవాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. మీ భవనం ఎత్తు 36 మీటర్లు, పొట్టి వైపు వెడల్పు 15 మీటర్లు అనుకుందాం. ఒక కుదుపులో, నేలతో పోలిస్తే డాబా 12 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి. అదే క్షణంలో పునాదికి ఒక అంచున, ఎదుటి అంచున నిట్టనిలువుగా కొలిచిన కదలికల మధ్య తేడా 2 మిల్లీమీటర్లు ఉంది. 15 మీటర్ల వెడల్పు మీద 2 మిల్లీమీటర్ల వాలు అంటే 36 మీటర్ల ఎత్తున 4.8 మిల్లీమీటర్లు. అంటే డాబా కదలికలో 40 శాతం కేవలం ఒరగడం వల్ల వచ్చింది; ఆ మేరకు స్తంభాలు, దూలాలు వంగలేదు. ఆ రెండు మిల్లీమీటర్లను కొలవని వ్యక్తి మొత్తం 12 మిల్లీమీటర్లనూ ఫ్రేము వంపుగా లెక్కగట్టి, ఒక్కో అంతస్తు ఎంత వంగిందో తప్పుగా చెబుతాడు. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా జరుగుతుంది. మీ భవనంలో పార్కింగు అంతస్తులో గోడలు లేవు కాబట్టి వంపులో ఎక్కువ భాగం ఆ ఒక్క అంతస్తులోనే కేంద్రీకృతం కావచ్చు, ఆ ప్రమాదం డాబా మీది సగటు అంకెలో కనబడకుండా పోతుంది.

మెత్తటి నేల భవనాన్ని రెండు విధాలుగా ప్రభావితం చేస్తుంది. మొదటిది, కింద రాయిలో వచ్చే కంపాన్ని పైకి తెచ్చేలోపు కొన్ని ఆవర్తన కాలాల దగ్గర (ఒక ఊపు పూర్తవడానికి పట్టే సమయమే ఆవర్తన కాలం; పౌనఃపున్యం తగ్గితే ఇది పెరుగుతుంది) దాన్ని పెంచడం. దీనికి మెక్సికో నగరాన్ని మించిన పాఠం లేదు. 1985 సెప్టెంబరు 19న పసిఫిక్ తీరంలో 8.0 పరిమాణంతో భూకంపం వచ్చింది. నగరం అక్కడికి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. నగరానికి దక్షిణాన లావా రాతి మీద ఉన్న విశ్వవిద్యాలయ ఆవరణలో నమోదైన త్వరణం గురుత్వ త్వరణంలో సుమారు 3 నుంచి 4 శాతం. పాత సరస్సు పూడిన బంకమట్టి మీద ఉన్న రవాణా మంత్రిత్వ శాఖ ఆవరణలో అదే భూకంపానికి సుమారు 17 శాతం వచ్చింది, అది కూడా సరిగ్గా రెండు సెకన్లకు ఒక ఊపుగా, దాదాపు లోలకంలాగా. ఆ చోట బంకమట్టి మందం సుమారు 38 మీటర్లు, అందులో కోత తరంగం (నేలను పక్కకు ఊపుతూ సాగే కంపం) వేగం సెకనుకు సుమారు 76 మీటర్లు. మందాన్ని నాలుగుతో గుణించి వేగంతో భాగిస్తే నేల ఆవర్తన కాలం వస్తుంది: 152ను 76తో భాగిస్తే 2 సెకన్లు. ఎక్కువగా దెబ్బతిన్నవి ఆరేడు నుంచి పదిహేను అంతస్తుల దాకా ఉన్న భవనాలు. వాటి సొంత ఆవర్తన కాలం మొదట రెండు సెకన్లకన్నా తక్కువే. పగుళ్ళు పడి మెత్తబడే కొద్దీ అది పెరిగి నేల లయకు దగ్గరైంది. వాటి పక్కనే ఉన్న పొట్టి పాత కట్టడాలు చాలావరకు నిలిచాయి. 2017లో మళ్ళీ అదే సెప్టెంబరు 19న, ఈసారి నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో 7.1 పరిమాణంతో వచ్చిన భూకంపంలో, బంకమట్టి పలచగా ఉన్న సరస్సు అంచు ప్రాంతంలో పొట్టి భవనాలు ఎక్కువగా కూలాయి. 1985 తరువాత నగరమంతటా వేసిన త్వరణ నమోదు కేంద్రాల వల్లనే ఈ తేడాను వీధివారీగా చూడగలిగారు.

రెండవది, పునాదికీ నేలకూ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడం. నేల మెత్తగా ఉన్నకొద్దీ భవనం, నేల కలిసిన జంట ఆవర్తన కాలం భవనం ఒంటరిగా ఉండే కాలంకన్నా పెరుగుతుంది. 1970లలో వెలెట్సోస్, మీక్ అనే పరిశోధకులు ఇచ్చిన సూత్రాన్ని మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: భవనం దృఢత్వాన్ని నేల పక్కకు జరగకుండా ఆపే దృఢత్వంతో భాగించిన విలువ ఒకటి, భవనం దృఢత్వాన్ని ఎత్తు వర్గంతో గుణించి, నేల ఒరగకుండా ఆపే దృఢత్వంతో భాగించిన విలువ మరొకటి. ఈ రెండింటినీ ఒకటికి కలిపి వర్గమూలం తీస్తే కాలం ఎన్ని రెట్లు పెరుగుతుందో తెలుస్తుంది. ఎత్తు వర్గంగా వస్తోంది కాబట్టి, సన్నగా పొడుగ్గా ఉన్న భవనంలో పక్కకు జరగడం కన్నా ఒరగడమే ముఖ్యం. కింద సెన్సర్లు పెట్టేటప్పుడు నిలువు కదలికను ఎందుకు వదలకూడదో ఈ ఒక్క సూత్రమే చెబుతుంది.

ఇప్పుడు ఆ ఎర్ర దీపం సంగతి. పౌనఃపున్యం తగ్గితే భవనం దెబ్బతిన్నట్టే అన్న సూత్రం వినడానికి బాగుంటుంది, కానీ అన్నిసార్లూ అది నిజం కాదు. కాలిఫోర్నియాలో కాల్‌టెక్ విశ్వవిద్యాలయ ఆవరణలోని మిల్లికన్ లైబ్రరీ 1960ల చివరలో కట్టిన తొమ్మిది అంతస్తుల కాంక్రీటు భవనం. కట్టిన నాటి నుంచి దాన్ని కొలుస్తూనే ఉన్నారు. తూర్పు పడమరల దిశలో దాని పౌనఃపున్యం మూడున్నర దశాబ్దాల్లో సుమారు 22 శాతం తగ్గింది, ప్రధానంగా కొన్ని భూకంపాల సమయంలో. చెప్పుకోదగిన నిర్మాణ నష్టం మాత్రం కనిపించలేదు. భారీ వర్షం తరువాత, పెద్ద గాలి వీచినప్పుడు, ఎండ కాసినప్పుడు కూడా పౌనఃపున్యం కొద్దిగా మారుతుందని అక్కడి నిరంతర రికార్డులే చూపాయి. మీ నేల ఆ నేలకన్నా మెత్తన. కృష్ణలో నీరు పెరిగినప్పుడల్లా మీ కింద భూగర్భ జలమట్టం కూడా కదులుతుంది. కాబట్టి మీ భవనానికి సహజంగానే ఈ మార్పులు ఇంకా ఎక్కువ ఉండవచ్చునని ఎదురుచూడాలి.

ఇలాంటి పొరపాటు నా చేతుల్లోనూ జరిగింది. తీరంలో పూడిక నేల మీద కట్టిన ఒక ఎత్తైన నివాస భవనానికి, యజమానులు ఖర్చు తగ్గించమంటే ఒప్పుకుని, పై అంతస్తులో మాత్రమే పరికరాలు పెట్టాము. ఒక చిన్న భూకంపం తరువాత మొదటి పౌనఃపున్యం 8 శాతం తగ్గినట్టు కనిపించింది. నివేదిక అందిన రాత్రే రెండు కుటుంబాలు ముసలివాళ్ళతో సహా ఇల్లు ఖాళీ చేసి బంధువుల ఇళ్ళకు వెళ్ళిపోయాయి. మేము స్తంభాల ప్లాస్టరు చెక్కి చూశాము, ఎక్కడా ఒక్క పగులు కనబడలేదు. ఆరు వారాల్లో ఆ పౌనఃపున్యం తనంతట తానే దాదాపు పాత విలువకు వచ్చేసింది. కుదుపుకు నేల మెత్తబడి మెల్లగా కోలుకోవడమే దీనికి కారణమని నా గట్టి నమ్మకం, కానీ పునాది దగ్గర ఒక్క సెన్సర్ కూడా లేదు కాబట్టి ఇవాళ్టికీ దాన్ని నిరూపించలేను. ఆ కుటుంబాల్లో ఒక పెద్దావిడ నన్ను అడిగిన మాట ఇంకా గుర్తుంది: "ఇల్లు బాగుందో లేదో చెప్పలేనప్పుడు ఆ డబ్బా ఎందుకు బాబూ?" నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఒక్క డాబా సెన్సర్ అన్న ఆలోచన మీ దగ్గరికి వచ్చిన సంస్థ కొత్తగా కనిపెట్టింది కాదు. లాస్ ఏంజెలిస్ నగరంలో పెద్ద భవనాలకు మొదట కింద, మధ్యన, పైన మూడు పరికరాలు ఉండాలన్న నిబంధన ఉండేది. 1980లలో దాన్ని పైన ఒక్కటి చాలునని సడలించారు. ఆ ఒక్క రికార్డుతో భవనం వంపును నేల కదలిక నుంచి వేరు చేయడం కుదరదని అక్కడి నిపుణులే తరువాత రాశారు.

కింద, పైన రెండు చోట్లా రికార్డు ఉంటే ఎంత తేడా వస్తుందో జపాన్‌లోని ఒసాకాలో సముద్రాన్ని పూడ్చిన నేల మీద ఉన్న సకిషిమా భవనం చూపింది. దాని ఎత్తు 256 మీటర్లు. 2011 మార్చి 11 భూకంప కేంద్రానికి అది 700 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది, చుట్టుపక్కల నేల మీద కుదుపు ఒక మోస్తరుగానే ఉంది. అయినా భవనం పై భాగం పది నిమిషాల పాటు ఊగి, ఒక్కో వైపుకు 1.3 మీటర్లకు మించి జరిగింది. అడుగున నమోదైన రికార్డును పైదానితో పోల్చినప్పుడు, లోతైన ఒండ్రు పొరల లయ, భవనం లయ రెండూ ఆరున్నర సెకన్ల ప్రాంతంలో కలిశాయని స్పష్టమైంది. కింద రికార్డు లేకపోతే భవనం బలహీనమని నిందించేవాళ్ళు. కారణం రెండు లయలూ కలిసి ఊగు పెరిగే అనునాదమని తెలిసింది కాబట్టి డ్యాంపర్లు, అంటే ఊగును అణచే పరికరాలు, పెట్టే దారి దొరికింది.

నీరు పట్టిన ఇసుక పొరల విషయం వేరుగా చూడాలి. 1964 జూన్ 16న జపాన్‌లోని నీగటాలో కవాగిషి చో అపార్ట్‌మెంట్లు చెక్కుచెదరకుండా అలాగే పక్కకు ఒరిగి పడుకున్నాయి. నేల ద్రవంలా మారిపోయింది. అదే సముదాయంలోని ఒక భవనంలో ఉన్న పరికరం రికార్డులో మొదటి కొన్ని సెకన్లు మామూలు కుదుపు, ఆ తరువాత ఒక్కసారిగా త్వరణం పడిపోయి అలలు సాగదీసినట్టు పొడుగ్గా కనిపిస్తాయి. త్వరణం తగ్గిందని సంతోషించే పరిస్థితి కాదది, కింద నేల బలం పోయిందని అర్థం. మీ బోరు నివేదికలో నల్లమట్టి కింద శుభ్రమైన సన్న ఇసుక పొర ఉంటే, ఆ లోతులో నీటి పీడనం కొలిచే ఒక పరికరం, పునాది మీద రెండు దిశల్లో వాలు కొలిచే ఒక పరికరం తప్పనిసరిగా అడగండి. వాటి ఖర్చు మిగతావాటితో పోలిస్తే ఎక్కువేమీ కాదు.

మన దేశంలో ఈ విషయం పట్టనట్టు ఉండడానికి వీల్లేదని 2001 జనవరి 26 భుజ్ భూకంపం చెప్పింది. కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, సబర్మతి ఒండ్రు మీద ఉన్న అహ్మదాబాదులో ఎన్నో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. నగరంలో రూర్కీ విశ్వవిద్యాలయ భూకంప ఇంజనీరింగ్ విభాగం పరికరాలు అమర్చిన పాస్‌పోర్టు సిబ్బంది క్వార్టర్ల భవనంలో నేల స్థాయిలో నమోదైన త్వరణం గురుత్వ త్వరణంలో సుమారు 11 శాతం. కూలిన భవనాల్లో చాలావాటికి కింద గోడల్లేని పార్కింగు అంతస్తే ఉంది. కేవలం నేలను తప్పు పట్టడం న్యాయం కాదు. అయితే ఒండ్రు నేల, పార్కింగు అంతస్తు అన్న ఈ రెండూ కలిసిన కట్టడమే మీదీ.

భూకంపాలను తట్టుకునే కట్టడాలకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 1893 మొదటి భాగం 2016 కూర్పు మెత్తటి నేలకు పెంపు ఎలా ఇస్తుందో కూడా గమనించండి. ఎస్పీటీ విలువ 10కన్నా తక్కువ కాబట్టి మీది మూడో రకం నేల. గోడలు లెక్కలోకి తీసుకోని ఫ్రేముకు ఎత్తును బట్టి ఇచ్చిన సూత్రంతో మీ భవనం కాలం సుమారు 1.1 సెకన్లు, ఇటుక గోడలు లెక్కిస్తే పొట్టి దిశలో సుమారు 0.84. మొదటి విలువ దగ్గర, భూకంప బలాన్ని లెక్కగట్టే గుణకం గట్టి నేలకు 0.91గా ఉంటే మీ నేలకు 1.52 అవుతుంది. కానీ 0.4 సెకన్లకన్నా తక్కువ కాలం ఉన్న పొట్టి భవనాలకు నేల ఏదైనా గుణకం 2.5 గానే ఉండిపోతుంది. నా అభిప్రాయంలో ఇది ఒండ్రు నేలల అసలు స్వభావాన్ని పట్టుకోవడానికి చాలదు. ప్రతి స్థలంలోనూ నేల లయను విడిగా కొలవాలి.

ఇక అమరిక. డబ్బు ఉంటే నేను 18 చానళ్ళు అడుగుతాను (ఒక చోట ఒక దిశలో కదలికను కొలిచేది ఒక చానల్). పునాది స్థాయిలో ఒక మూల మూడు దిశల సెన్సర్, మరో రెండు మూలల్లో నిలువు దిశవి ఒక్కొక్కటి, ఎదుటి చివర పక్క దిశది ఒకటి: మొత్తం ఆరు. వీటితో రెండు దిశల్లో ఒరగడం, భవనం మెలి తిరగడం తెలుస్తాయి. పార్కింగు కప్పు మీద, అంటే మొదటి నివాస అంతస్తు స్లాబు స్థాయిలో, మూడు. ఈ స్థాయిని ఎవరు వద్దన్నా వదలవద్దు. ఆరో అంతస్తులో మూడు, డాబా మీద మూడు. చివరి మూడు భవనానికి బయట, కనీసం భవనం ఎత్తుకు సమానమైన దూరంలో, పక్క భవనాలకు కూడా దూరంగా, చిన్న గుంటలో వేసిన కాంక్రీటు దిమ్మ మీద. ఊళ్ళో అంత ఖాళీ దొరకడం కష్టం. వీధి చివరి పార్కులో మునిసిపాలిటీ అనుమతితో పెట్టించుకున్నవాళ్ళు ఉన్నారు. డబ్బు లేదంటే మూడు దిశల సెన్సర్లు నాలుగు: పునాదికి పొట్టి దిశలో రెండు అంచుల దగ్గర రెండు, డాబా మీద ఒకటి, బయట నేల మీద ఒకటి. అప్పుడు పార్కింగు అంతస్తు వంపు విడిగా తెలియదు, మిగతా ముఖ్యమైన సంగతులు తెలుస్తాయి. అంతకన్నా తగ్గించడం నాకు సమ్మతం కాదు.

అన్ని సెన్సర్లకూ గడియారం ఒకటే కావాలి. ఇది చిన్న విషయంగా అనిపిస్తుంది. 36 మీటర్ల భవనం కాలం 1.2 సెకన్లయితే, పునాది నుంచి కోత తరంగం డాబాకు చేరడానికి దాదాపు 0.3 సెకన్లు పడుతుంది. ఈ ప్రయాణ సమయం చాలా విలువైన కొలత, ఎందుకంటే ఇది ఎక్కువగా భవనం దృఢత్వం మీదే ఆధారపడుతుంది, నేల మెత్తదనం దీన్ని పెద్దగా మార్చదు. పౌనఃపున్యం తగ్గి, ప్రయాణ సమయం మారకపోతే నేలను అనుమానించాలి. రెండూ మారితే స్తంభాలను చూడాలి. కింది రికార్డరు, పై రికార్డరు మధ్య 0.05 సెకన్ల తేడా వచ్చినా ఆ కొలతలో ఆరో వంతు పోయినట్టే. జీపీఎస్ యాంటెనా ఉన్న ఒకే కేంద్ర రికార్డరుకు తీగలతో కలపడం నాకు నచ్చిన పద్ధతి. వైర్‌లెస్ సెన్సర్లు పెడతామంటే కాల సమన్వయం ఎంత ఖచ్చితమో రాతపూర్వకంగా అడగండి.

సెన్సర్‌ను టైలు మీద జిగురుతో అంటించనివ్వకండి. వేలితో కొడితే బోలుగా మోగే టైలు తనకంటూ ఒక లయతో మోగి రికార్డును పాడుచేస్తుంది. టైలు తీసేసి, కాంక్రీటులో బోల్టు దింపి, ఉత్తర దిశ బాణం గీసి, ఫొటో తీసి ఉంచాలి. లిఫ్ట్ యంత్రం గదికీ, నీటి మోటారుకూ దూరంగా పెట్టాలి. నమూనా వేగం సెకనుకు 200, 24 బిట్ల రికార్డరు, కుదుపుకు ముందు 30 సెకన్లు కూడా దాచుకునే జ్ఞాపకం, కరెంటు పోయినా రెండు రోజులు నడిచే బ్యాటరీ ఉండాలి. ముడి రికార్డులు మీకు ఇస్తారా, యాప్‌లో రంగు మాత్రమే చూపిస్తారా అన్నది ఒప్పందం మీద సంతకం చేసే ముందే తేల్చుకోండి. ముడి రికార్డు ఇవ్వని సంస్థకు నేనైతే పని ఇవ్వను.

ఇవన్నీ కొనే ముందు చేయవలసిన పని ఒకటుంది, దానికి ఒక రాత్రి చాలు. మూడు దిశల్లో కొలిచే సెన్సర్లు రెండు అద్దెకు తెచ్చి, వాటితో రాత్రి రెండు గంటలకు, ట్రాఫిక్, లిఫ్ట్‌లు ఆగిన వేళ, పునాది దగ్గర, డాబా మీద ఒకేసారి గంటసేపు సహజ కంపాన్ని నమోదు చేయండి. తరువాత ఒకదాన్ని బయట ఖాళీ నేల మీద పెట్టి మరో అరగంట. అక్కడ పక్క కదలికను నిలువు కదలికతో భాగిస్తే నేల సొంత లయ ఒక శిఖరంగా కనిపించే అవకాశం ఉంది. ఆ శిఖరం మీ భవనం లయకు ఎంత దగ్గరో చూసుకోండి. సహజ కంపంలో భవనం కాలం ప్రమాణ సూత్రం చెప్పిన దానికన్నా తక్కువగా రావడం మామూలే, గాభరా పడవద్దు. పెద్ద కుదుపులో అది పెరుగుతుంది, నేల లయ వైపుకే పెరుగుతుందా అన్నదే చూడవలసింది. ఎండాకాలం చివర ఒకసారి, వరదల తరువాత కృష్ణ నిండుగా ఉన్నప్పుడు మరొకసారి ఈ కొలత చేయించండి. రెండుసార్లూ తేదీతో పాటు మీ ఆవరణలోని బోరులో నీటిమట్టం ఎంత, డాబా మీద ట్యాంకులు నిండుగా ఉన్నాయా ఖాళీగా ఉన్నాయా అన్నది అదే కాగితం మీద రాయించండి.